ఎవరి చెయ్యో తెలియని బుట్ట

ముతోమో
ఫిబ్రవరి, ఎండలు ముదిరిన వారం

కనీనీ,

దీవెనలు చివర్లో పెడతాను. ముందు తిట్లున్నాయి.

ఫోన్ చెయ్యొచ్చు కదా అమ్మమ్మా అంటావు. మా వీధిలో సిగ్నల్ తగిలేది పెనీనా కొట్టు ముందున్న బండరాయి మీద ఒక్కటే. అక్కడ నిలబడి మాట్లాడితే నీతో మాట్లాడినట్టు కాదు, సంతలో చాటింపు వేసినట్టు. అందుకే ఈ ఉత్తరం నైరోబీ బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. వాడు నా దగ్గరే చదువుకున్నాడు కాబట్టి నా రాత వాడికి అర్థం కాదన్న ధైర్యం నాకుంది.

నిన్న గురువారం మా బుట్టల సంఘానికి ఒక పిల్ల వచ్చింది. చేతిలో పలకలాంటి ఫోను, వేళ్ళకి రంగురంగుల గోళ్ళు. మా బుట్టలు కొనే కంపెనీ ఇకమీదట డబ్బు చేతికివ్వదట, ఫోన్లోనే వేస్తుందట. సంఘం చందాలూ, కష్టానికి ఇచ్చే సాయమూ అన్నీ ఫోన్లోనేనట. "నోట్లు పట్టుకుంటే క్రిములు అంటుకుంటాయండీ" అంది. "అమ్మాయ్, ఒకటో తరగతి పిల్లల ముక్కులు తుడిచి తుడిచి అరిగిన చేతులివి, నోటుకి భయపడవు" అన్నాను. ఆడవాళ్ళు నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వి, నవ్వుతూనే కత్తి దింపింది: "ఈ పద్ధతి తయారుచేసినవాళ్ళలో మీ ఊరి అమ్మాయే ఉందండీ, కనీని మేడమ్."

అందరూ నా వంక చూశారు. నేను కొండ వంక చూశాను.

నీకు మా గురువారాల సంగతి పూర్తిగా తెలియదు. పెళ్ళికాని పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వం. కాబట్టి చెప్తున్నాను, విను. నేత పని అయిపోయాక ఒక బుట్ట చేతులు మారుతుంది. కిత్తనారతో మూతి సన్నంగా నేసిన బుట్ట. మోచెయ్యి దాకా చెయ్యి దూరుతుంది, కన్ను దూరదు. ఉన్నవాళ్ళు వేస్తారు, లేనివాళ్ళు తీసుకుంటారు. వేసిన చెయ్యీ తీసిన చెయ్యీ పిడికిలి బిగించుకునే బయటికి రావాలి. అదొక్కటే నియమం. మా అమ్మ కాలం నుంచీ ఇంతే. ఎవరి పిడికిట్లో ఏముందో ఇంతవరకూ ఎవరూ అడగలేదు, ఆ బుట్ట ఏ గురువారమూ ఖాళీగా ఇంటికి పోలేదు.

ఇది చెప్తే పలక పిల్ల "అయితే లెక్క ఎలాగండీ?" అంది. "లెక్క లేకపోవడమే దాని లెక్క" అన్నాను. ఏదో రాసుకుంది. నన్ను గురించే రాసుకుని ఉంటుంది.

ఇది ఆపుతావా, ఆపవా? అదొక్కటి చెప్పు. వాతావరణం గురించి రాయకు, నైరోబీలో వాన పడితే నాకు రేడియో చెప్తుంది.

దీవెనలు.

అమ్మమ్మ

*

నైరోబీ
మార్చి మొదటి ఆదివారం

అమ్మమ్మా,

నీ తిట్లు భద్రంగా అందాయి. దీవెనలు ఎక్కడున్నాయా అని వెతికితే అడుగున ఒక్క ముక్క దొరికింది. ఆకలిమీద ఉన్నాను, అదే తిన్నాను.

ఆపలేను. ఆపాలని కూడా లేదు. కోప్పడకుండా చివరిదాకా చదువు. మీ సంఘం రేకుపెట్టె ఎత్తుకుని మొంబాసా పారిపోయిన పాత కోశాధికారిని మర్చిపోయావా? బుట్టల డబ్బు అందే రోజున సారా కొట్టు దగ్గర కాపు కాసే మొగుళ్ళని నువ్వే కదా కాకుల గుంపు అన్నావు? ఇప్పుడు డబ్బు ఫోన్లో ఉంటుంది, పిన్ నంబరు వెనకాల. ఆ కాకులు ఎగరలేని చోట. నెలాఖరున సంఘం లెక్క మొత్తం ప్రతి సభ్యురాలి ఫోన్‌కీ వస్తుంది: ఎవరు ఎంత వేశారు, ఎవరికి ఎంత వెళ్ళింది, పేర్లతో సహా. ఆ ఆలోచన నాదే. ఆఫీసులో చప్పట్లు కొట్టారు.

అయినా ఇదంతా నేర్పింది ఎవరు? క్లాసులో ఒక్క పెన్సిల్ పోతే అందరి సంచులూ నేలమీద బోర్లించి, "దాచుకునేవాడి దగ్గరే దొంగతనం ఉంటుంది" అన్న హెడ్‌మిస్ట్రెస్ ముతిండి గారు ఎవరమ్మా?

నీ బుట్ట అందంగానే ఉంది. కానీ అందంతో ఆడిట్ జరగదు.

నీ మనవరాలు,
కనీని

తా.క. నైరోబీలో వాన పడుతోంది.

*

ముతోమో
ఏప్రిల్, మొదటి జల్లు పడ్డాక

కనీనీ,

పెన్సిళ్ళ మాట బాగా పొడిచావు. పెన్సిలు బడి సొత్తు. ఒక ఆడదాని అవసరం బడి సొత్తు కాదు. ఈ తేడా నేను నీకు నేర్పి ఉండవలసింది, సెలవుల్లో మామిడికాయలు తినబెట్టి వదిలేశాను.

నీ చప్పట్ల లెక్క వచ్చింది. ఆదివారం ప్రార్థన మధ్యలో, పాస్టరు గారు కళ్ళు మూసుకున్న క్షణంలో, అందరి సంచుల్లోనూ ఒక్కసారిగా టింగుమంది. దేవుడే మెసేజ్ పెట్టాడనుకుని సగంమంది తీసి చూశారు. అందులో ఉన్నది ఇదీ: కతూంగే, సున్నా.

కతూంగే తెలుసుగా నీకు, చూపు మసకేసి నేత మానేసిన ముసలామె. ఆమె ఇన్నేళ్ళూ బుట్టలో వేసేదో తీసుకునేదో నాకు తెలియదు. అధ్యక్షురాలిని నాకే తెలియదు. ఇప్పుడు గుడి మెట్ల మీద ఆడుకునే పిల్లలకి కూడా తెలుసు. ఒకడు ఆమెని చూసి "సున్నా అవ్వా" అన్నాడు. కతూంగే ఈ గురువారం రాలేదు. మనిషిని పంపితే "నాకు ఒంట్లో బాగాలేదు" అని చెప్పి పంపింది. ఆమె ఒంటికేమీ కాలేదు.

ఇక నీ పిన్ నంబరు మహిమ. వాంజా గుర్తుందా? మా సంఘంలో ఆమెంత సన్నంగా నేసేవాళ్ళు లేరు. ఇసుక లారీ తోలే ముసెంబి భార్య, కొట్టు పెనీనాకి సొంత మరదలు. వాంజా ఫోను ముసెంబి జేబులో ఉంటుంది. ఆమె పిన్ నంబరు పెట్టింది ముసెంబి. బుట్ట డబ్బు పడగానే టింగుమనేది వాడి గుండెల మీద. ఇదివరకు నోట్లు చేతికొచ్చేవి కాబట్టి, ఇంటికెళ్ళేలోగా వాటిలో కొన్ని దారి తప్పేవి. ఇప్పుడు ఒక్కటీ తప్పదు. నీ కాకులు ఎగరలేని చోటు అన్నావే, అక్కడే గూడు కట్టుకున్నాయి తల్లీ.

వాంజా ఎడమచేతి వేళ్ళు రెండు వంకర తిరిగాయి. తలుపు సందులో పడ్డాయట. పోయిన నెల కంటికింద నలుపు, అదీ తలుపేనట. మా ఊరి తలుపులకి ఆడవాళ్ళ మీద ఎంత కోపమో! పైగా ఇప్పుడు ఆమెకి అయిదో నెల.

పాత రోజుల్లో అయితే నేను అడిగేదాన్ని కాదు, ఆమె చెప్పేది కాదు. ఒక గురువారం చెయ్యి కాస్త లోతుగా పెట్టేది. శుక్రవారం బస్సెక్కేది. అలా వెళ్ళినవాళ్ళు ఉన్నారు. ఎంతమందో చెప్పలేను, మాకెవరికీ తెలియదు కనకనే వాళ్ళ మొగుళ్ళకీ తెలియలేదు.

ఇప్పుడు బుట్టలో వెయ్యడానికి చేతుల్లో నోట్లే లేవు. సంఘం సొమ్ము పంపాలంటే పేరు కావాలి, నంబరు కావాలి. పంపితే నెలాఖరున ఊరంతా టింగుమంటుంది. ఏం చెయ్యమంటావు? నీ చప్పట్లలో దీనికేమైనా జవాబుందా?

అమ్మమ్మ

*

నైరోబీ
ఏప్రిల్

అమ్మమ్మా,

రెండుసార్లు చదివాను. రెండోసారి ఆఫీసు మెట్ల మీద కూర్చుని.

నెల లెక్కలో పేర్లు తీసేద్దామని మా పై అధికారిని అడిగాను. "మంచివాళ్ళకి దాచుకోవలసింది ఏముంటుంది, కనీని?" అన్నాడు. నాలుగేళ్ళుగా ఆయన కింద పనిచేస్తున్నాను, ఆయన జీతమెంతో నాకింతవరకూ తెలియదు.

కండక్టరు తెచ్చే టీపొడి డబ్బా జాగ్రత్తగా విప్పు. పొడి కింద ఒక పాత చిన్న ఫోను, సిమ్ ఉన్నాయి. సిమ్ నా పేరు మీద తీసుకున్నాను. వాంజాకి ఇవ్వు. నువ్వు ఆ నంబరుకి పంపితే నా పేరే కనపడుతుంది, ఆమె పేరు ఎక్కడా ఉండదు. పిన్ ఆమెనే పెట్టుకోమను. నాకూ చెప్పొద్దను, నీకూ చెప్పొద్దను.

ఒక్క సంగతి. ఆమె ఏ ఊళ్ళో డబ్బు తీసుకుందో ఆ సిమ్ లెక్కలో నమోదవుతుంది. అది సిమ్ యజమానికే కనపడుతుంది. యజమానిని నేనే. నేను చూడను.

ఇలా చెయ్యడం మా కంపెనీ నియమాలకి విరుద్ధం. ఆ నియమాల పుస్తకానికి అచ్చుతప్పులు దిద్దింది కూడా నేనే.

కనీని

*

ముతోమో
మే

కనీనీ,

టీపొడి బాగుంది.

వాంజా వెళ్ళింది. సంతరోజున మేకల లారీలో, మేకలతోపాటు. ఎక్కడికో రాయను. నీకు తెలిసినా రాయకు. అక్కడ ఆమెని చేర్చుకునే మనిషి ఉంది, అంతవరకే.

నేను, ఈ ముతిండిని, మీ కంపెనీ మీటలు నొక్కాను. కష్టనిధిలోంచి. "కనీని ముతువాకి పంపమంటారా?" అని అడిగింది యంత్రం. పంపమన్నాను. నెలాఖరున నీ పేరు అందరికీ కనపడుతుందని తెలుసు. కనపడనీ. మంచి పేరు, పెట్టింది నేనే. హెడ్‌మిస్ట్రెస్‌ని నిలబెట్టి అడిగే మొనగాడు ముతోమోలో ఇంకా పుట్టలేదు.

మర్నాడే ముసెంబి వచ్చాడు. వాకిట్లో నిలబడి "టీచర్, నా పెళ్ళామెక్కడ?" అన్నాడు.

"నీ పెళ్ళాం నీ ఇంట్లో ఉండాలి నాయనా. నా ఇంట్లో కోళ్ళున్నాయి. అనుమానముంటే ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచి చూసుకో."

గాదె మూత ఎత్తి లోపలికి తొంగిచూశాడు. మొక్కజొన్నలు తప్ప ఏమీ కనపళ్ళేదు. వాణ్ణి నాలుగో తరగతిలో నేనే ఫెయిల్ చేశాను. అయిదో తరగతిలో కూడా చేసి ఉండవలసింది.

ఈ నెల మళ్ళీ పంపుతాను. కాన్పు దాకా పంపుతాను.

అమ్మమ్మ

*

ముతోమో
జులై

కనీనీ,

పోయిన నెల పాస్టరు గారి తల్లి అంత్యక్రియలకి నువ్వొచ్చిన రోజు మనకి మాట్లాడుకునే వీలు దొరకలేదు. ఊరంతా మన చుట్టూనే ఉంది. అప్పుడే గుసగుసలు మొదలయ్యాయని నీకు చెప్పలేదు. ఇప్పుడు గుసగుసలు కావు కాబట్టి చెప్తున్నాను.

పెనీనా తన కొట్లో, చక్కెర తూస్తూ, సంఘం లెక్క పైకి చదివింది. కష్టనిధి, కనీని ముతువా. మళ్ళీ కష్టనిధి, కనీని ముతువా. మళ్ళీ. గురువారం సంఘం మీటింగులో లేచి నిలబడింది.

"టీచరమ్మా, నైరోబీలో మీ మనవరాలికి ఏం కష్టమొచ్చిందమ్మా? లిఫ్టు పనిచెయ్యట్లేదా?"

నవ్వారు. నేనైనా నవ్వేదాన్నే, మాట బాగుంది.

"కతూంగేకి సున్నా, కనీనికి కష్టనిధి. మీ బళ్ళో ఇదే లెక్క చెప్పేవారా?"

"పెనీనా, కూర్చో" అన్నాను.

"కూర్చోను. చెప్పండి. ఆ డబ్బు ఎవరికెళ్ళింది?"

నోటిదాకా వచ్చింది కనీనీ. ఒక్క పేరు చెబితే చాలు, ఆ నవ్వులన్నీ ఆగిపోయేవి. కతూంగే కూడా వచ్చింది ఆ రోజు, కర్ర పట్టుకుని, నా వైపు మసకకళ్ళు పెట్టుకుని కూర్చుంది. కానీ గుమ్మానికి ఆనుకుని ముసెంబి నిలబడి ఉన్నాడు. మగవాళ్ళు రాకూడని గదిది. అక్కకి తోడొచ్చాడట. చేతిలో ఫోను. వాంజా పేరు నేనంటే వాడడిగే రెండో ప్రశ్న నాకు తెలుసు.

"ఎవరికీ వెళ్ళలేదు. నేనే తీసుకున్నాను, మనవరాలికి పంపుకున్నాను" అన్నాను.

ఇన్నేళ్ళ బడి, ఇంతమంది పిల్లల పరీక్షలు, ఇన్ని సర్టిఫికెట్ల మీద ఈ చేతి సంతకం, ఆ ఒక్క వాక్యంలోకి వెళ్ళి పడిపోయాయి. కతూంగే తల తిప్పుకుంది. అది తట్టుకోలేకపోయాను. మిగతావన్నీ తట్టుకున్నాను.

నన్ను అధ్యక్ష పదవిలోంచి తీసేశారు. పెనీనా మీ కంపెనీకి ఫిర్యాదు రాస్తానంది. రాస్తుంది, దానికి చదువొచ్చు. నేర్పింది నేనే, ఇదొకటి.

నాకు ఒళ్ళు మండిపోతోంది. దొంగ అన్నందుకు కాదు. ఇదివరకు దొంగకీ దాతకీ పిడికిలి ఒక్కలాగే ఉండేది మా ఊళ్ళో. ఆ పిడికిలిని మీరు వేళ్ళు విరిచి తెరిచారు, అందులో ఏముందో చదవడం మాత్రం మీకు రాదు! పేరు చూపిస్తుంది మీ యంత్రం, ఊరు చూపిస్తుంది, తేదీ చూపిస్తుంది. తలుపు సందులో పడ్డ వేళ్ళని చూపిస్తుందా?

నువ్వు నోరెత్తకు. ఎవరడిగినా డబ్బు నీదే.

అమ్మమ్మ

*

నైరోబీ
ఆగస్టు

అమ్మమ్మా,

ఫిర్యాదు మా అంతస్తుకే వచ్చింది.

విచారణ అధికారి కుర్రవాడు, మర్యాదస్థుడు. కుర్చీ వేసి, నీళ్ళిచ్చి, విచారణ అధికారంతో ఆ సిమ్ లెక్క తెర మీద తెరిచాడు. నేను చూడనని నీకు మాటిచ్చాను. కళ్ళముందు పెట్టారు. ఏ ఊళ్ళో ఏ కొట్లో డబ్బు తీసుకుంది, ఎక్కడ పిండి కొంది, ఏ రోజున ఆసుపత్రికి కట్టింది. ఆసుపత్రిలో ఏ విభాగమో కూడా ఉంది. ఆమె ముఖం నేను సరిగ్గా గుర్తుపట్టలేనేమో కానీ, ఆమె ఏ వారం పాలు కొనలేదో నాకిప్పుడు తెలుసు. నాకు తెలిసే హక్కేముంది? ఆ కుర్రవాడికి ఏముంది?

"మేడమ్, మీరు నైరోబీలో ఉన్నారు, డబ్బు అంత దూరాన ఆ ఊళ్ళో తీశారు. ఎలా?" అన్నాడు.

నేను కాదంటే ఆ కొట్టుకి ఫోన్ చేస్తారు, తీసుకున్న మనిషి ఎలా ఉంటుందో కనుక్కుంటారు, అది ఫిర్యాదు చేసినవాళ్ళకి రాస్తారు. అంటే పెనీనాకి. అంటే ముసెంబికి.

"శని, ఆదివారాలు వెళ్ళేదాన్ని. అక్కడ... ఒకాయన ఉన్నాడు" అన్నాను.

"మరి, ప్రసూతి విభాగంలో..." అని ఆగాడు. తెర వంక చూశాడు, నా పొట్ట వంక చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు. "అభినందనలు మేడమ్" అన్నాడు.

ఇప్పుడు ఆఫీసులో అందరికీ నాకు లేని ప్రియుడి ఊరు తెలుసు. క్యాంటీనులో నాకు రోజూ పాలు ఎక్కువ పోస్తున్నారు. అమ్మకి ఎవరో చెప్పారు. ఫోన్ చేసి ఏడ్చింది. "అబ్బాయి ఎవరే? మన కంబా తెగవాడేనా? ఉద్యోగముందా?" అంది. ఉద్యోగం లేదన్నాను. నిజమే కదా, మనిషే లేడు.

సంఘం డబ్బు నా జీతంలోంచి వెనక్కి కట్టాలన్నారు, ఒప్పుకున్నాను. ఫిర్యాదుకి జవాబుగా "ఖాతాదారు స్వయంగా, తన కాన్పు ఖర్చుల నిమిత్తం తీసుకున్నారు" అని పెనీనాకి రాశారు. కాన్పు సంగతి ఎందుకు రాశారని ఆ కుర్రవాడి మీద అరిచాను. "పారదర్శకత కదా మేడమ్, మీ పద్ధతే" అన్నాడు.

పేర్లు తీసెయ్యమని పై అధికారిని మళ్ళీ అడిగాను. ఈసారి నవ్వాడు. "అడుగుతావమ్మా, ఇప్పుడు దాచుకోవలసింది ఉన్నది నీకే కదా" అన్నాడు. ఆ నవ్వుకి నాకు నీ కోపం వచ్చింది. నీది, అచ్చంగా నీది. చెవులు వేడెక్కే కోపం.

వచ్చే గురువారం నేను వస్తాను. ఆ గదిలోకి వస్తాను, పెళ్ళి కాకపోయినా సరే. నిన్ను దొంగ అన్న ప్రతి ఒక్కరి ముందూ నిజం చెప్తాను. పోలీసుల్ని కూడా తీసుకొస్తాను. ఇంక చాలు.

కనీని

*

ముతోమో
ఆగస్టు ఆఖరి వారం

కనీనీ,

రాకు.

ముందు ఇది చదివి, తర్వాత కూడా రాకు. నువ్వు చెప్పే నిజం ఈ గుమ్మం దాటి లారీ ఎక్కి ఆ ఊరు చేరడానికి ఒక్క పగలు చాలు. పోలీసు తిరిగి వెళ్ళిపోతాడు, ముసెంబి ఇక్కడే ఉంటాడు. వాంజా కూడా ఎలాగో సంగతి తెలిసి, తిరిగొచ్చి నా పేరు నిలబెడతానని కబురు చేసింది. నా పేరు నేను పారేసుకున్నాను, ఏరితెచ్చే పని నీది కాదు, బిడ్డని కను అని చెప్పి పంపాను. నీకూ అదే జవాబు, బిడ్డ సంగతి తప్ప.

నిన్న మధ్యాహ్నం పెనీనా వచ్చింది. సంతరోజు, వీధిలో అంతా సంతకి పోయినవేళ. చంకలో ఖాళీ పిండిసంచీ.

"ఉన్నారా టీచరమ్మా? లేక డబ్బు లెక్కపెట్టుకుంటున్నారా?"

"లెక్క అయిపోయింది. రా. దొంగ ఇంట్లో టీ తాగుతావా?"

"చక్కెర మీ సొంతమేనా?"

"నీ కొట్లోదే. తూకం తక్కువొచ్చింది."

కూర్చుంది. తాగింది. గ్లాసు దించకుండానే అంది: "మీ మనవరాలికి నెలలు నిండాయట. కంపెనీవాళ్ళు రాశారు."

"అలాగా."

"మొన్న జూన్‌లో పాస్టరు తల్లి అంత్యక్రియల్లో చూశాను. నడుము నా మోచెయ్యంత లేదు."

నేను పొయ్యి వంక చూశాను. పెనీనా కూడా పొయ్యి వంకే చూసింది. దానికి చదువొచ్చు అని రాశాను కదా. ఊరి పేరు తెలియకపోయినా, నెలలు లెక్కపెట్టుకోవడం వచ్చు. మరదలి నెలలు ఆడపడుచుకి తెలియవా? అది లేచి వీధిలోకి వెళ్ళి తమ్ముణ్ణి పిలిస్తే, మన అబద్ధాలన్నీ కలిపినా ఒక్క గంట ఆగవు.

"ఈ కాలం పిల్లలు" అంది చివరికి, "దాచుకుంటారు."

"దాచుకుంటారు" అన్నాను.

పిండిసంచీ విప్పింది. ఖాళీ కాదు. పసుపుపచ్చ ఊలు దుప్పటి, అంచులు కాస్త వెలిసినది, పసిబిడ్డంత. ఒళ్ళో పెట్టుకుని మడతలు సరిచేసింది, మళ్ళీ సరిచేసింది.

"నైరోబీలో చలట" అంది.

"చలే."

"మా అమ్మ అల్లింది ముసెంబి పుట్టినప్పుడు. వాణ్ణి దీన్లోనే ఎత్తుకు తిరిగాను నేను. అప్పుడు వాడు బాగుండేవాడు టీచరమ్మా." ముక్కు చీదింది. "దీని సంగతి అడిగితే ఎలకలు కొట్టేశాయంటాను. మీ మనవరాలికి పంపండి."

నా మనవరాలికి దుప్పటెందుకు అని నేను అడగలేదు. ఎవరి బిడ్డకి అని అది చెప్పలేదు. రెండు చేతులతో తీసుకున్నాను.

ఇదీ కనీనీ, మీవాళ్ళు మమ్మల్ని తెచ్చి నిలబెట్టిన చోటు. పుట్టబోయే బిడ్డకి ఒక మేనత్త దుప్పటి ఇవ్వాలంటే, ఒక ముసలిది దొంగ కావాలి, ఒక కన్నెపిల్ల లేని కడుపు మొయ్యాలి. నీ పై అధికారికి చెప్పు, మంచివాళ్ళు ఏం దాచుకుంటారో తెలుసుకోవాలనుంటే ముతోమో రమ్మను. టీ ఇస్తాను. చెప్పను.

దుప్పటి కండక్టరు చేత పంపుతున్నాను. ఊలు గరుకుగా ఉంది, చేరవలసిన చోటికి చేర్చేముందు ఒకసారి ఉతికించు. ఆ దారేమిటో నాకు రాయకు.

పెనీనా గ్లాసు కడిగి బోర్లించి లేచింది. సంత నుంచి జనం తిరిగొస్తున్నారు, వాళ్ళ వెనకే ముసెంబి లారీ మలుపు దగ్గర దుమ్ము లేపుతోంది. అది చూసి గుమ్మంలో ఆగింది. నా వైపు తిరిగి, నడుమున చెయ్యి పెట్టుకుని, ఊరంతా వినపడేలా అందుకుంది: "సిగ్గులేదా మీకు! సంఘం సొమ్ము చివరి షిల్లింగు కక్కేదాకా ఈ వాకిలి వదలను, దొంగ టీచరమ్మా!"

తర్వాత గొంతు తగ్గించి, "గురువారం కూడా తిట్టాలి, ఏమనుకోకండి" అంది.

"తిట్టు తల్లీ" అన్నాను. "కాస్త గట్టిగా తిట్టు. కుడిచెవి సరిగ్గా పనిచెయ్యట్లేదు."

దీవెనలు, ఈసారి అడుగు నుంచి పైదాకా.

అమ్మమ్మ